పీత మొప్పల ఆర్‌ఎన్‌ఏలో 28ఎస్ బ్యాండ్ కనబడటం లేదు, పాడైపోయినట్టేనా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. పచ్చ తీరపీతలను ఉప్పు బాగా తగ్గించిన నీళ్లలో వారం ఉంచి, మొప్పల్లో సోడియం-పొటాషియం ఏటీపేజ్ (కణంలోంచి సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి నెట్టే పంపు) ఆల్ఫా జన్యువు పని ఎంత పెరిగిందో క్యూపీసీఆర్‌తో (జన్యువు నకళ్లను లెక్కించే పద్ధతి) చూడాలనుకున్నాను. ఆర్‌ఎన్‌ఏని జెల్ మీద వేస్తే 18ఎస్ దగ్గర ఒక్కటే లావు బ్యాండ్ (18ఎస్, 28ఎస్ అంటే రైబోజోమ్‌లోని చిన్న, పెద్ద ఆర్‌ఎన్‌ఏలు). 28ఎస్ జాడే లేదు. ఆర్‌ఐఎన్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో 10కి చెప్పే స్కోరు) 5 కూడా దాటలేదు. మూడుసార్లు తీశాను, మూడుసార్లూ ఇంతే. పారేయాలా?

జవాబు: అయ్యో, పారేయకండి! చాలా పీతల్లో, రొయ్యల్లో, పురుగుల్లో 28ఎస్ మధ్యలో ఒక తెగిన చోటు ఉంటుంది. రెండు ముక్కలనూ హైడ్రోజన్ బంధాలే పట్టి ఉంచుతాయి. లోడ్ చేసేముందు వేడి చేస్తే అవి విడిపోతాయి. ఒక్కోటి ఇంచుమించు 18ఎస్ అంతే కాబట్టి అన్నీ ఒకేచోట పరిగెడతాయి. మీ లావు బ్యాండ్ అదే అయ్యుండాలి. ఒకే శాంపిల్‌ని రెండు చేసి, సగం వేడి చేసి, సగం చేయకుండా మామూలు అగరోజ్ జెల్ మీద పక్కపక్కనే వేయండి. నిజంగా పాడైతే బ్యాండ్ కింద పొగలా స్మియర్ సాగుతుంది. ఇక ఆర్‌ఐఎన్ సంగతి: అది 28ఎస్ ఉందా లేదా అన్నదాని మీద బాగా ఆధారపడుతుంది, ఇక్కడ దాన్ని నమ్మకండి.

ప్రశ్న: వేశానండీ! వేడి చేయని గడిలో రెండు బ్యాండ్లూ వచ్చాయి, స్మియర్ లేదు. ప్రాణం లేచొచ్చింది. కానీ క్యూపీసీఆర్‌లో జన్యువు 1.2 రెట్లే పెరిగింది. మొప్పలన్నీ కలిపి నూరాను.

జవాబు: చిక్కంతా ఆ నూరడంలోనే ఉంది. ఒక్కో పక్క తొమ్మిది మొప్పలు ఉంటాయి కదా, ముందువి ఎక్కువగా ఊపిరికి. ఉప్పును లోపలికి లాగే పని వెనకున్న 7, 8, 9 మొప్పలది. అన్నీ కలిపితే పెరుగుదల పలచబడిపోతుంది. ముందువీ వెనకవీ విడివిడిగా తీయండి. కుబుసం విడిచే దశ కూడా రాసిపెట్టండి, దాన్నిబట్టి అంకెలు ఊగుతాయి. ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు నుంచి వచ్చే నకలు, క్యూపీసీఆర్ కొలిచేది దాన్నే) పెరగకపోయినా పంపు చురుకు పెరగవచ్చు. అందుకే ఒక మొప్పను పక్కన పెట్టుకుని, ఊబేన్ (ఈ పంపును ఆపే మందు) వేసీ వేయకుండానూ ఏటీపేజ్ చర్య కొలవండి.

ఇంకోమాట, ఈ పంపును డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కో 1957లో వెలికితీసింది సరిగ్గా మీ పీత కాళ్ల నరాల్లోనే. అందుకు ఆయనకు 1997లో నోబెల్ ఇచ్చారు. నాకైతే ఆ పీతను చూస్తే ఇప్పటికీ గౌరవమే.

ప్రశ్న: ఆ సంగతి తెలియదు, ఒళ్లు జలదరించిందండీ. రేపే 8వ మొప్పతో మొదలుపెడతాను.