ఒకే పుస్తకాన్ని నెల రోజులుగా చదివించుకుంటోంది, కొత్తవాటికి మళ్లించాలా?

నాలుగేళ్ల పాప అమ్మ:
రాత్రి పడుకునే ముందు మా పాపకు ఒక కథ చదువుతాను. నెల రోజులుగా ఒకే పుస్తకం, దారి తప్పిన తాబేలు కథ. ఒక్క మాట దాటేసినా "అమ్మా, అక్కడ ఇంకోటి ఉంది" అని పేజీ వెనక్కి తిప్పిస్తుంది. అల్మారాలో కొత్త పుస్తకాలు తెరవకుండానే ఉన్నాయి. విన్నదే వింటే పాపకు కొత్తగా ఏమైనా వస్తుందా? మీ పిల్లల విషయంలో ఏం చేశారో చెప్పండి.

ఒకటో తరగతి టీచరు:
అడిగినన్ని సార్లు చదవండి. మొదటిసారి వింటున్నప్పుడు పిల్లల ధ్యాసంతా తర్వాత ఏం జరుగుతుందన్న దాని మీదే ఉంటుంది. అది తెలిసిపోయాకే మాటల మీదికి మనసు పోతుంది. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు మూడేళ్ల పిల్లలతో దీన్ని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. కొత్త మాటలను అందరికీ అన్నే సార్లు వినిపించారు. కొందరికి అవే కథల్లో, కొందరికి వేర్వేరు కథల్లో. అవే కథలు మళ్లీ మళ్లీ విన్న పిల్లలే ఆ మాటలను బాగా నేర్చుకున్నారు.

ఇంట్లో కథలు విన్న పిల్లలు బడిలో మొదటి వారంలోనే తెలిసిపోతారు. పుస్తకం తలకిందులుగా ఇస్తే తిప్పి పట్టుకుంటారు. ఒక్క అక్షరం రాకపోయినా కథ ఎక్కడ మొదలవుతుందో వేలు పెట్టి చూపిస్తారు.

కవలల నాన్న:
నేను గబగబా చదివేసేవాణ్ణి. ఆగడం నేర్చుకున్నాకే మా పిల్లలకు మాటలు పెరిగాయి. "ఇది ఏమిటి?" అని అడిగితే "కుక్క" అని ఊరుకుంటారు. "ఇది ఎందుకు ఇక్కడే కూర్చుంది?" అని అడిగి, మనసులో ఐదు లెక్కపెట్టుకుని చూడండి. మా చిన్నవాడు చాలాసేపు బొమ్మనే చూసి, "దానికి వాళ్ల అమ్మ వాసన రావడం లేదు" అన్నాడు. వాడికి అప్పుడు మూడేళ్లు. అమెరికా మనస్తత్వవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లోనే ఈ పద్ధతిని తల్లిదండ్రులకు నేర్పి చూసింది. నెల రోజులకే ఆ పిల్లలు మాట్లాడటంలో తోటివాళ్ల కంటే ముందున్నారు.

ఎనిమిది నెలల బాబు అమ్మ:
మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మా వాడు పుస్తకం ఇస్తే నోట్లో పెట్టుకుంటున్నాడు. ఇప్పుడే మొదలుపెట్టడం తొందరపాటా?

ఒకటో తరగతి టీచరు:
కాదమ్మా. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లో పసితనం నుంచే చదివి వినిపించమని సూచించింది. దళసరి అట్ట పుస్తకం ఇవ్వండి, నమిలినా పరవాలేదు. ఆ వయసుకు మీ గొంతు, మీ ఒడి ముఖ్యం.

తొమ్మిదేళ్ల బాబు అమ్మ:
ప్రశ్నలు వేయమన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. నేను కథ ఆపి "ఇది ఏ ఒత్తు?" అని అడిగేదాన్ని. రెండు వారాల్లో మా వాడు పుస్తకం చూస్తేనే మొహం తిప్పుకున్నాడు. ఏడో ఏట డిస్లెక్సియా, అంటే అక్షరాలు పోల్చుకుని చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందని తేలింది. దానికీ తెలివికీ సంబంధం లేదని తెలిశాక పరీక్ష పెట్టడం మానేశాను. అక్షరాల సాధన పగటి పూట, విడిగా. రాత్రి కథ మాత్రం కథే. తనంతట తాను ఇంకా కూడబలుక్కునే చదువుతాడు కానీ, వాడి ఈడు పిల్లలు చదివే పెద్ద కథలన్నీ నా నోట వింటాడు. ఇంట్లో మనం రోజూ వాడే మాటలు కొన్నే. "తటపటాయించింది", "నిట్టూర్చింది" లాంటివి వాడికి పుస్తకాల్లోంచే వచ్చాయి. అక్షరాలు వచ్చేశాయని చదివి వినిపించడం ఆపేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

నాలుగేళ్ల పాప అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఆగి చూశాను. "తాబేలు ఎందుకు నిట్టూర్చింది?" అని అడిగితే పాప జవాబు చెప్పలేదు. చివరి పేజీ దాకా తిప్పి, ఇంటి గుమ్మం దగ్గరున్న తాబేలును చూపించింది. "ఇక్కడ కూడా నిట్టూర్చింది అమ్మా. కానీ ఇది వేరే నిట్టూర్పు" అంది. ఆ పేజీలో ఆ మాటే లేదు.