డిస్నీ టైమ్‌షేర్‌లో పాయింటు 200 డాలర్లు దాటింది: ఈ ధర న్యాయమేనా?

ఎలుకచెవులు
డిస్నీ వెకేషన్ క్లబ్ మీద మా ఇంట్లో వాదన తెగడం లేదు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: ఇందులో పాయింట్లు కొంటాం. ఏటా అన్ని పాయింట్లు మన ఖాతాలో పడతాయి, వాటితో ఫ్లోరిడాలోనో కాలిఫోర్నియాలోనో పార్కుల పక్కనున్న రిసార్టుల్లో గదులు బుక్ చేసుకోవాలి. 1991లో మొదటి రిసార్టు తెరిచినప్పుడు పాయింటు 50 డాలర్ల ప్రాంతంలో ఉండేది. ఇప్పుడు కంపెనీ దగ్గర కొత్తగా కొంటే 200 పైనే.

మా ఆయన లెక్క ఇదీ. 150 పాయింట్లకి 30,000 డాలర్లు, 50 ఏళ్లు వాడుకోవచ్చు, అంటే పాయింటుకి ఏడాదికి 4 డాలర్లే. ఏటా కట్టే ఫీజు ఇంకో 8, 9. మొత్తం 13 వేసుకున్నా, అవే పాయింట్లు వేరే ఓనర్ల దగ్గర అద్దెకు తీసుకుంటే 20 దాకా అవుతుంది కదా అంటారు. వింటే బాగానే ఉంది, కానీ నాకు ఎక్కడో తేడా కొడుతోంది.

లెక్కలమాస్టారు
తేడా కొట్టేది ఆ 50తో భాగించిన చోటేనండి. డబ్బేమో ఇవాళే మొత్తం కడుతున్నారు, గదేమో యాభై ఏళ్లపాటు కొంచెం కొంచెంగా వస్తుంది. ఆ 30,000 ఐదు శాతం వచ్చే చోట పడేస్తే ఏడాదికి 1,500. 150 పాయింట్లకి పంచండి, పాయింటుకి 10. పైగా బ్యాంకులో అసలు అలాగే ఉంటుంది, ఇక్కడ గడువు తీరాక చేతిలో మిగిలేది సున్నా. 4 కొట్టేసి 10 వేయండి. ఫీజుతో కలిపి 18, 19 అయింది. అద్దెకీ దీనికీ ఇక తేడా డాలరో రెండో. ఇక అప్పు చేసి కొంటే చెప్పేదేముంది, తడిసి మోపెడవుతుంది.

పాతకాపు
మాస్టారూ, మీ లెక్కలో అద్దె 20 దగ్గరే ఎందుకు ఆగిపోయింది? పదేళ్ల తర్వాత కూడా ఇంతే ఉంటుందా? హోటల్ గది రేటు పెంచడానికి కంపెనీకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఏ గదికి రాత్రికి ఎన్ని పాయింట్లో చెప్పే పట్టిక అలా కాదు. ఒక రిసార్టులో ఏడాది మొత్తానికి ఇన్ని పాయింట్లని ఖరారై ఉంటుంది. క్రిస్మస్ వారానికి పెంచితే ఇంకెక్కడో తగ్గించాల్సిందే. 2020 పట్టికలో కొన్ని గదులకు పాయింట్లు మార్చబోతే ఓనర్లు గోల చేశారు, కంపెనీ వెనక్కి తీసుకుంది. అద్దెకుండేవాడికి ఆ గోల చేసే హక్కే లేదు. నేను చాలా ఏళ్ల కిందట కొన్నాను, ఇప్పుడు హోటల్ రేట్లు చూస్తే నవ్వొస్తుంది.

లెక్కలమాస్టారు
మీరు కొన్న ధరకి అది నిజమే, కాదనను. కానీ ఈవిడని అడుగుతున్నది ఇవాళ్టి ధర. 1991 నుంచి అమెరికాలో మామూలు ధరలు రెండింతలకు కొంచెం పైన పెరిగాయి. పాయింటు ధర నాలుగింతలైంది. మీకు దొరికిన లాభాన్ని కంపెనీ ఇప్పుడు ముందే లెక్కగట్టి ధరలో కలిపేసుకుంది. ఇక ఏడాది ఫీజు సంగతి. దానికి తాళం లేదు, అదీ పెరుగుతూనే ఉంటుంది. 2011లో హవాయిలోని ఔలానీకి ఆ ఫీజు మరీ తక్కువగా లెక్కేశారని తేలి అమ్మకాలే కొన్నాళ్లు ఆపేశారు. అంత పెద్ద కంపెనీయే తప్పు వేసిన అంకె మీద మనం యాభై ఏళ్ల అంచనా కడుతున్నాం.

అద్దెబస్తా
నా గొడవ ధర మీద కాదు, సంతకం పెట్టిన మర్నాటి ధర మీద. 2019 జనవరి తర్వాత ఫ్లోరిడాలోని రివియెరా రిసార్టు పాయింట్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడు రివియెరాలో తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. అంటే రేపు మీ దగ్గర కొనేవాడికి మీ సరుకులో సగమే దక్కుతుంది, ఆ మేరకే డబ్బిస్తాడు. ఆ రూలు పెట్టింది ఎవరు? 200 తీసుకుని అమ్మినవాళ్లే. కారు షోరూమ్ దాటగానే రేటు పడిపోతుందంటే అర్థముంది, వాడకం వల్ల అరుగుతుంది. గది అరగలేదు కదా! ఈ చర్చ మొత్తంలో అన్యాయం అనే మాట దీనికొక్కదానికే వాడతాను.

పాతకాపు
అమ్ముకోవాలని కొనేవాళ్లు అసలు టైమ్‌షేర్ జోలికే రాకూడదు.

అద్దెబస్తా
ఉద్యోగం పోయినప్పుడూ, విడాకులైనప్పుడూ అమ్ముకోవాలని ముందే అనుకుని ఎవరూ కొనరు అన్నా.

నీళ్లమీదగుడిసె
లగ్జరీ కోరుకునేవాళ్ల కోసం ఫ్లోరిడాలోని పాలినేషియన్ రిసార్టు బంగళాల ముచ్చట ఒకటి. నీళ్ల మీద కట్టినవి, ఎదురుగా సరస్సు, అవతల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు. రాత్రికి 100 పాయింట్ల పైమాటే. 150 పాయింట్ల ఓనరు ఏడాది కోటాలో చాలా భాగం ఒక్క రాత్రికి హాంఫట్. కొన్న ధర పక్కన పెట్టి వట్టి ఫీజే చూసినా ఆ రాత్రికి 800 డాలర్లు దాటుతుంది. ఎనిమిది మంది పడతారు, నిజమే, కానీ రోజూ గది ఊడ్చేవాళ్లు కూడా రారు. కాలిఫోర్నియా వైపు చూస్తున్నారా? అక్కడి డిస్నీలాండ్ హోటల్ విల్లాల్లో పాయింట్లతో దిగినా అనాహైమ్ నగర పన్ను విడిగా కట్టాలి. అమ్మేటప్పుడు ఈ ముక్క ఎంత గట్టిగా చెబుతారో మీరే చూడండి.

ఎలుకచెవులు
అందరికీ థాంక్స్. మా ఆయనతో ఇదంతా చదివించాను. "సరే, కంపెనీ దగ్గర వద్దు, సెకండ్ హ్యాండ్‌లో ఓల్డ్ కీ వెస్ట్ రిసార్టు పాయింటు చాలా చవగ్గా ఉంది, అది కొందాం" అంటున్నారు ఇప్పుడు. మళ్లీ కాలిక్యులేటర్ తీశారు.

లెక్కలమాస్టారు
తీస్తే తీయనివ్వండి, 50 మాత్రం నొక్కనివ్వకండి. ఓల్డ్ కీ వెస్ట్ ఒప్పందాలు మామూలుగా 2042తో సరి. కొందరు అదనంగా డబ్బు కట్టి 2057 దాకా పొడిగించుకున్నారు. ఏది అమ్ముతున్నారో కాగితంలో చూశాకే బేరం మొదలుపెట్టండి. బేరం కుదిరినా, అదే ధరకి ముందు కొనే హక్కు కంపెనీకుంటుంది. వాళ్లు వదిలేశారని ఉత్తరం వచ్చేదాకా టికెట్లు బుక్ చేయకండి.