కొత్త సిరీస్ వచ్చేదాకా ఆగితే గ్రాఫిక్స్ కార్డు చవకవుతుందా?

ప్రశ్న (మద్దిలపాలెం):
అన్నలూ, ఇళ్ల ఇంటీరియర్ డిజైన్లు చేస్తాను. 2017లో విశాఖ ద్వారకానగర్‌లో కొన్న ఎన్విడియా కంపెనీ జీటీఎక్స్ 1060, 6 జీబీ కార్డే ఇంకా వాడుతున్నా. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క హాలు రెండర్‌కి (ఫైనల్ బొమ్మ తయారీకి) పెడితే తెల్లారిపోతోంది. ఒక్కోసారి మెమరీ చాలక మధ్యలోనే ఆగిపోతోంది. 45 వేలు కూడబెట్టాను. తర్వాతి సిరీస్ వస్తే ఇప్పటివి సగానికి దిగుతాయని షాపాయన అంటున్నారు. ఆగమంటారా?

జవాబు (గాజువాక):
ఆగొద్దు తమ్ముడూ. అలా ఆగే నేను దెబ్బతిన్నాను. 2020 సెప్టెంబరులో ఎన్విడియా 3080 కార్డుని 699 డాలర్లకి ప్రకటించగానే పాత కార్డు అమ్మేశా. ఈలోగా ఈ కార్డులతో ఈథీరియం అనే డిజిటల్ కరెన్సీ సంపాదించే మైనింగ్ వాళ్లు ఎగబడ్డారు, ఆ ధరకి సరుకే దొరకలేదు. రెండేళ్లు బోర్డు మీదున్న గ్రాఫిక్స్‌తోనే నెట్టుకొచ్చా. 2022 సెప్టెంబరులో ఈథీరియం మైనింగ్ ఆగిపోయింది, ఇక దిగుతాయనుకున్నా. నవంబరులో 4080 వచ్చింది, 1199 డాలర్లు! అదే 80 అంకె, అంటే అదే స్థాయి కార్డు, 500 డాలర్లు ఎక్కువ. 2024 జనవరిలో 4080 సూపర్‌ని 999కి దించారంటే, జనం కొనకపోవడం వల్లేనని నా నమ్మకం. సగం ధర మాట మాత్రం నమ్మకు. కొత్తవి వచ్చేసరికి పాతవాటి తయారీ ఆపేస్తారు, షాపుల్లో మిగిలేది కాస్తే.

జవాబు (సీతమ్మధార):
ధర ఒక్కటే చూడకండి. 2021లో 3060 ధర 329 డాలర్లు, మెమరీ 12 జీబీ. 2023లో 4060, 2025లో 5060, రెండూ 299కే వచ్చాయి, కానీ 8 జీబీతో. మీ పనికి కావాల్సింది మెమరీయే కదండీ. 5060 టీఐ 16 జీబీది 2025లో 429 డాలర్లకి వచ్చింది. అప్పటి డాలరు 85 లెక్కన, 18 శాతం జీఎస్టీ కలిపితే 43 వేలు అయ్యేది. అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, డబ్బా మీద చూసి మరీ తీసుకోండి. పైగా 2025 చివర్లో ఏఐ సర్వర్ల గిరాకీకి మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి. ఆగితే మీకే నష్టం. సెకండ్ హ్యాండ్‌కి వెళ్తే వేడిని లాగే హీట్‌సింక్ రెక్కలు, స్క్రూలు చూడండి. మన ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటాయి.

మద్దిలపాలెం:
16 జీబీదే తీసుకుంటానండి. నా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే పెట్టె) 450 వాట్లది, సరిపోతుందా?

సీతమ్మధార:
మీ 1060 తినేది 120 వాట్లు, ఇది 180. కంపెనీ 600 వాట్లది పెట్టమంటుంది. 2017 నాటిదైతే అదీ మార్చేయండి. ఆ డబ్బు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి.