అప్‌డేట్: గబ్బిలాల తొర్రల్లో తేమ లాగర్లు

గబ్బిలాలు ఉండే చెట్టు తొర్రల్లో ఐబటన్ లాగర్లు (ఉష్ణోగ్రత, తేమ కొలిచి తమలోనే రాసిపెట్టుకునే బిళ్ళంత పరికరాలు) పెడితే తేమ రీడింగులను ఎంతవరకు నమ్మొచ్చని ఇంతకుముందు అడిగాను. ఉప్పుతో పరీక్షించమన్న వాళ్ళకు చాలా థాంక్స్. అన్నిటికన్నా అదే పనికొచ్చింది.

మూత గట్టిగా పడే డబ్బా అడుగున మామూలు ఉప్పును నీళ్ళతో ముద్దగా కలిపి, దానికి తగలకుండా పైన జాలీ మీద లాగర్లు పెట్టాను. 25 డిగ్రీల దగ్గర డబ్బాలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. కాబట్టి ఏ లాగర్ ఎంత తేడా చూపిస్తోందో తెలిసిపోయింది. ఆ తేడాలు రాసిపెట్టుకున్నాను, సీజన్ అయ్యాక మళ్ళీ ఇదే పరీక్ష చేస్తాను. ఎందుకంటే తేమ 70 శాతం దాటి చాలాకాలం ఉంటే నేను వాడే డీఎస్1923 రకం ఐబటన్‌లోని తేమ సెన్సర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించడం మొదలుపెడుతుంది. తొర్రల్లో ఆ పరిస్థితి మామూలే.

మెమరీ సంగతి: ఉష్ణోగ్రత, తేమ రెండూ 16 బిట్‌లో, అంటే ఎక్కువ సూక్ష్మంగా, అరగంటకోసారి రాస్తే 42 రోజులకే నిండిపోతుంది. 8 బిట్‌లో, అంటే కాస్త ముతకగా రాస్తే, 85 రోజులు వస్తుంది. ఉష్ణోగ్రత అర డిగ్రీ మెట్లలో వచ్చినా నా పనికి చాలు.

తడి తగలకుండా లాగర్లకు రబ్బరు పూత వేద్దామన్న ఆలోచన మానేశాను. ఉష్ణోగ్రత మాత్రమే కొలిచే వాటికి సరే గానీ, తేమ సెన్సర్ రంధ్రం మూసుకుపోతే ఇక కొలిచేదేముంది?

గబ్బిలాల ఒంటి వేడి కూడా రీడింగులో కలుస్తుంది కదా, అందుకే పోల్చుకోవడానికి దగ్గర్లోని ఖాళీ తొర్రలో ఒక లాగర్, బయట నీడలో గాలాడే తెల్లటి కవచం కింద ఇంకొకటి పెడుతున్నాను. అన్నీ గబ్బిలాలు లేని సమయంలోనే బిగిస్తాను. వాటిని కదిలించి తెచ్చుకునే డేటా నాకొద్దు.