ల్యాబ్‌లో 20 కంప్యూటర్లు: వైఫై చాలా, కేబుల్ లాగాలా?

లెక్కల టీచర్:
మాది మండల కేంద్రంలోని హైస్కూలు. పూర్వ విద్యార్థులు కలిసి 20 పాత డెస్క్‌టాప్‌లు ఇచ్చారు. ఎప్పుడో కంప్యూటర్ కోర్సు చేశానని హెడ్‌మాస్టారు ల్యాబ్ నా నెత్తిన పెట్టారు. నెట్ ఆఫీసు గదిలో ఉంది, 50 ఎంబీపీఎస్. అక్కణ్ణుంచి ల్యాబ్‌కి టేపు పెట్టి కొలిస్తే 35 మీటర్లు. షాపతనేమో ‘తలా ఒక వైఫై డాంగిల్ పెట్టేయండి మేడమ్, గోడకు మేకు కొట్టే పని కూడా లేదు’ అంటున్నాడు. వినడానికి హాయిగానే ఉంది. కానీ మొన్న ఆఫీసులో నలుగురం ఫోన్లలో హాజరు వేస్తుంటేనే చక్రం తిరుగుతూ కూర్చుంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఇరవై మంది ఒకేసారి తెరిస్తే? దాతల డబ్బు, మళ్లీ అడిగే మొహం లేదు.

నెట్‌వర్క్ పనివాడు:
డెస్క్‌టాప్‌లు ఎక్కడికీ కదలవు కదా మేడమ్, కేబులే లాగండి. వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి (మీ క్లాసులో ఆగుతారో లేదో తెలీదు). 24 పోర్టుల గిగాబిట్ స్విచ్ (కంప్యూటర్లన్నిటినీ కేబుళ్లతో కలిపే పెట్టె) ఒకటి, క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్. 100 మీటర్ల దాకా ఢోకా లేదు. చౌకగా వస్తోందని సీసీఏ కేబుల్ మాత్రం కొనకండి. లోపల అల్యూమినియం, పైన రాగి పూత. బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. వంచిన చోట విరుగుతుంది.

సైన్స్ మాస్టారు:
మా బళ్లో ఒకరోజు ఉన్నట్టుండి నెట్‌వర్క్ మొత్తం పడిపోయింది. గంటన్నర టెన్షన్. చూస్తే ఎవడో పిల్లాడు వేలాడుతున్న కేబుల్ రెండో కొసనీ అదే స్విచ్‌లో గుచ్చాడు, ఖాళీ కనిపించిందని! ఇలా గుచ్చితే పసిగట్టే లూప్ డిటెక్షన్ ఉన్న స్విచ్ తీసుకుని, పిల్లలకు అందని ఎత్తులో బిగించండి.
ఇంకోటి టీచర్‌గారూ, స్విచ్ వేగం వేరు, నెట్ వేగం వేరు. 50ని ఇరవైతో భాగిస్తే తలా రెండున్నర, అదీ లైను బాగున్న రోజున. అందుకే మేం ఒక కంప్యూటర్‌లో కోలిబ్రి అనే, నెట్ లేకుండా పాఠాలు చూపించే సాఫ్ట్‌వేర్ వేసి పాఠాల వీడియోలు ముందే దించి పెట్టుకున్నాం. ఉచితమే. నెట్ పోయినా గదిలో పాఠం ఆగదు.

లెక్కల టీచర్:
గీకి చూశాను. తెల్లగానే తేలింది! ‘అందరూ ఇదే పట్టుకెళ్తారు మేడమ్’ అన్నాడు. వేరే షాపులో రాగిది 305 మీటర్ల చుట్ట చెప్పి వచ్చాను. ఒక్క సందేహం, వరండాలో కోతులు.

నెట్‌వర్క్ పనివాడు:
పీవీసీ పైపులో వేయండి. కరెంటు వైర్లతో కలపొద్దు. స్పేర్‌గా రెండో కేబుల్ కూడా ఆ పైపులోనే ఇప్పుడే లాగి ఉంచుకోండి.