జంఘ అంటే తొడా, పిక్కా? పర్లాకిమిడి నుంచి ఒక సందేహం

సభ్యులకు నమస్కారం. పర్లాకిమిడిలో తెలుగు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఇన్నాళ్లూ అది మాటవరసకు అనేవాణ్ణి. రెండు నెలల కిందట నూతి చప్టా మీద కాలు జారి పడ్డాక అక్షరాలా నిజమైంది. తుంటి విరిగిందన్నారు. ఎక్స్‌రే చూస్తే విరిగింది తుంటి కాదు, తొడ ఎముక మెడ. ఆ ఎముక పైకొన గుండులా ఉండి తుంటి గుంటలో కూర్చుంటుంది. ఆ గుండు కింద సన్నగా ఉండే చోటును మెడ అంటారట. ఆపరేషన్ చేసి గుండు మార్చారు.

ఇక సందేహం. వ్యాయామం చేయించడానికి ఒక ఒడియా అమ్మాయి ఇంటికి వస్తోంది. మొదటి రోజు నా మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, "మఉసా, జంఘ టాణ కరంతు" అంది. టాణ అంటే గట్టి. జంఘ నాకు తెలియని మాటా! ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన గర్వంతో పిక్క బిగించాను. అయిదు లెక్కపెట్టి వదలడం, పదిసార్లు, పూటకు మూడు విడతలు. మూడు రోజులు నిష్ఠగా చేశాను. నాలుగో రోజు ఆ అమ్మాయి నా తొడ మీద వేళ్లు ఆనించి, కండ కదలడం లేదేమిటని తెల్లబోయింది. ఒడియాలో జంఘ అంటే తొడ!

ఇందులో నా తప్పు లేదని సంస్కృతం తెలిసినవారు ఒప్పుకుంటారు. అమరకోశంలో జంఘ వేరు, ఊరువు వేరు. మోకాలికి పైన ఊరువు, కింద జంఘ. మన సైన్సు పుస్తకాల్లోనూ మోకాలి కింది రెండు ఎముకలు అంతర్జంఘిక, బహిర్జంఘిక. ఒడియాలో ఈ మాట మోకాలు దాటి పైకెక్కింది. హిందీ జాంఘ్ కూడా అంతే. ఒడియా జంఘను మనం జంఘగానే దించుకుంటే భీముడు దుర్యోధనుడి పిక్క మీద కొట్టి యుద్ధం ముగించినట్టవుతుంది.

ఆ అమ్మాయి దగ్గర ఇప్పుడు రోజుకు నాలుగు కండరాల చొప్పున నేర్చుకుంటున్నాను. పిక్క, తొడ, తుంటి, పిరుదు, గజ్జ, మడమ, చీలమండ: భాగాలకు మన మాటలకు లోటు లేదు. లోపలి కండరాల దగ్గరికి వచ్చేసరికి నోరు మూతపడుతోంది. మీ దగ్గర మాటలుంటే ఇవ్వండి.

బరంపురం నుంచి, ఆసుపత్రి ఉద్యోగిని:
మాస్టారూ, మా వార్డులో ఇలాంటివి రోజూ చూస్తాం. ఒడియాలో స్నాయు అంటే నరం. మన పుస్తకాల్లో స్నాయుబంధనం అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడు. ఇక మనవాళ్లు ఏ కండ పట్టేసినా "నరం పట్టేసింది" అనే అంటారు. డాక్టరుకు ఏం చెప్పాలో తెలియక నేను ముందు వేలు పెట్టి చూపించమంటాను. ఒడియాలో అంటా నడుము, ఆంఠు మోకాలు. కొత్తగా వచ్చినప్పుడు ఆ రెంటి మధ్యా నేనెంత తిప్పలు పడ్డానో!

రాయగడ నుంచి:
మీకు కావలసిన పేర్లు కూర్చుకోవడం కష్టం కాదు. తొడ ముందు నాలుగు తలల కండరాన్ని ఊరు చతుశ్శిరస్క కండరం అందాం. ద్విశిరస్క, త్రిశిరస్క ఎలాగూ పుస్తకాల్లో ఉన్నవే. మిగతావీ ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు.

పర్లాకిమిడి (నేనే):
అయ్యా, మీ పాండిత్యానికి దండం. ఆ పేరు నాలుగుసార్లు అంటే నా నాలుకకు కూడా ఫిజియోథెరపీ కావాలి. పైగా ఇది గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. వాడుక మాట కోసం ఆయన అంత పోరాడిన చోట కూర్చుని చతుశ్శిరస్క అనడానికి నాకు మనసొప్పదు. "నాలుగు పాయల తొడకండ" అంటే సరిపోదా? నాలుగు పాయలూ కిందికి వచ్చి మోకాలి చిప్పను పట్టుకుంటాయి, అక్కణ్ణుంచి అంతర్జంఘికకు అతుక్కుంటాయి. అవి బిగిస్తే మోకాలు చాచుకుంటుంది. నేను మూడు రోజులు బిగించకుండా వదిలేసింది దీన్నే.

పిరుదులో మూడు పొరలున్నాయి. పెద్ద పిరుదుకండ ఒంట్లోకెల్లా పెద్ద కండరం. కుర్చీలోంచి లేవాలన్నా, మెట్లెక్కాలన్నా అదే ఆధారం. దాని కింద నడిమిది, ఇంకా లోపల చిన్నది. నాకు నడిమిదాని మీద గౌరవం పెరిగింది. ఎడమకాలు ఎత్తితే నడుము ఎడమకు జారిపోకుండా కుడి పక్కనుంచి లాగి పట్టేది అదే. అది బలహీనపడితే మనిషి ఒరుగుతూ నడుస్తాడు. నాకు విరిగింది కుడివైపు. చేతికర్ర ఎడమచేత్తో పట్టుకోమన్నారు. మొదట వాళ్లు పొరబడ్డారనుకున్నాను. కుడికాలి మీద బరువు పడ్డప్పుడు ఆ నడిమికండ చేయాల్సిన పనిలో కొంత ఎడమచేతి కర్ర పంచుకుంటుందట. తుంటి మీద కొడితే పళ్లు రాలాయని మనవాళ్లు వెక్కిరింపుగా అంటారు గానీ, తుంటికి ఎదుటి చేతితో ఉన్న పొత్తు నిజమే.

సిరొంచ నుంచి:
మాది గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. మరాఠీలో తొడను మాండీ అంటారు. బాసింపట్టు వేసుకుని కూర్చోవడాన్ని "మాండీ ఘాలూన్ బసణే" అంటారు. పిక్కను పోటరీ అంటారు; పోట్ అంటే పొట్ట. పిక్కను చూస్తే నిజంగానే చిన్న పొట్టలా ఉంటుంది కదా.

పర్లాకిమిడి:
భలే మాట ఇచ్చారు. నిన్న ఆ అమ్మాయి గాస్ట్రోక్నీమియస్ అని చెబితే పలకలేక దాని పుట్టుక అడిగాను. గ్రీకులో గాస్టర్ పొట్ట, క్నీమీ మోకాలి కింది కాలు. వెరసి కాలి పొట్ట! గ్రీకువాళ్లకూ మరాఠీలకూ అక్కడ పొట్ట కనిపించింది. మనకు పిక్క అనగానే చింతపిక్క, పలాస వైపు జీడిపిక్క గుర్తొస్తాయి. ఆ పిక్కా ఈ పిక్కా ఒకటేనని నేననను. కానీ మునివేళ్ల మీద లేచినప్పుడు కాలి వెనక గట్టిపడి పొడుచుకొచ్చే రెండు ముద్దలను చూస్తే గింజ అనడమూ అన్యాయం కాదు. పారిపోయినవాణ్ణి "పిక్కబలం చూపించాడు" అంటాం. నేల తన్నేది ఆ కండే కనుక అది శాస్త్రానికి సరిపోయిన మాట.

మీ మాండీతో ఇంకో కండరానికి కూడా పేరు దొరికింది. తుంటి ముందు కొనలో మొదలై తొడ మీదుగా ఏటవాలుగా దిగి మోకాలి లోపలి పక్కకు చేరే పొడుగాటి పట్టీ ఒకటుంది, సార్టోరియస్. ఒంట్లో అన్నిటికంటే పొడవైనది. లాటిన్‌లో సార్టర్ అంటే దర్జీ. దర్జీలు కాళ్లు మడిచి కూర్చుని కుట్టేవారని ఆ పేరు. తుంటిని ముందుకు వంచి, తొడను బయటికి తిప్పి, మోకాలు మడిచే పని దానిది. మూడూ కలిస్తే అచ్చంగా బాసింపట్టే. మనకు దర్జీ ఎందుకు, విస్తరి ముందు కూర్చునే ప్రతివాడికీ ఆ భంగిమ ఉంది. "బాసింపట్టు కండ" అందాం. ఆపరేషన్ తరవాత నన్ను ఏ కూర్పు కూర్చోవద్దన్నారో ఆ కూర్పు పేరే పెడుతున్నాను. విస్తరి ముందు కూర్చుని తిని రెండు నెలలైంది.

రాయగడ నుంచి:
బాసింపట్టు కండ బాగుంది, ఒప్పుకున్నాను. కానీ పరీక్షలో రాస్తే మార్కు వేస్తారా?

పర్లాకిమిడి:
వేయరు. నాకు పరీక్ష లేదు, నడక ఉంది.

ఒకటి మిగిలింది. రెండు తొడలనూ దగ్గరికి లాగే కండలు లోపలివైపు గుంపుగా ఉన్నాయి. గజ్జ అంటే ఆ మూల మాత్రమే అవుతుంది, కండ కాదు. ఎవరి ఊళ్లోనైనా మాట ఉందా?

గునుపురం నుంచి:
మా తాతగారు తాటిచెట్లు ఎక్కేవారు. పొద్దున దిగి అరుగు మీద కూర్చుని కొబ్బరినూనె రాయించుకునేటప్పుడు "లోతొడ లాగేస్తోందిరా" అనేవారు. చెట్టును కావలించుకుని ఎక్కేవాడికి ముందు అలిసేది అదే కదా. ఆ మాట ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా వినలేదు.

పర్లాకిమిడి:
లోతొడ. రాసుకున్నాను. రేపు ఆ అమ్మాయి తలగడ మోకాళ్ల మధ్య పెట్టి నొక్కమంటుంది కదా, అప్పుడు చెబుతాను. ఆమె కూడా నా పాఠాలకు ఒక నోటుబుక్కు పెట్టింది. మొదటి పేజీలో ఒడియా లిపిలో "పిక్క" అని రాసి, పక్కన పెద్ద అక్షరాలతో "జంఘ కాదు" అని రాసుకుంది.