ఔరస్యమా, ఉరస్యమా? ‘బ్రహ్మ’లో హ ఎక్కడి నుంచి రావాలి?

బరంపురం సభ్యురాలు:
అందరికీ నమస్కారం. రుషికుల్య ఒడ్డున ఒక ఆశ్రమంలో 12 రోజుల వేదపఠన శిబిరానికి వచ్చాను. తెల్లవారుజామున 4:30కి లేవాలి. స్నానం, ప్రాణాయామం అయ్యాక వేదం చెప్పుకునే సంత మొదలవుతుంది. గురువుగారు ఒకసారి చెబితే మేం రెండుసార్లు చెప్పాలి. ఫోన్ సాయంత్రం గంటసేపే ఇస్తారు కాబట్టి అంతా ఒకేసారి రాస్తున్నాను.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి నడుస్తోంది. ‘నమో బ్రహ్మణే’, ‘త్వమేవ ప్రత్యక్షం బ్రహ్మాసి’ దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాం. నా నోట ‘బ్రమ్మ’ అని వస్తోంది. పక్కన కూర్చునే ఒడియా పెద్దాయన శుక్లయజుర్వేదంలోని కాణ్వశాఖ వారు, ఆయన ‘బ్రమ్హ’ అంటున్నారు. గురువుగారు ఇద్దరినీ ఆపి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, ‘హ ఇక్కడి నుంచి రావాలి, పెదాలు ఆ తర్వాతే మూసుకోవాలి’ అన్నారు. అంతే, చిన్నప్పుడు తాతగారు చెప్పిన శ్లోకం గుర్తొచ్చింది.

హకారం పంచమైర్యుక్తం అంతస్థాభిశ్చ సంయుతం
… తం విజానీయాత్ కంఠ్యమాహురసంయుతం

వర్గాల్లో అయిదో అక్షరాలైన ఙ, ఞ, ణ, న, మలతో గానీ, అంతస్థలైన య, ర, ల, వలతో గానీ కలిసిన హ ఉరస్సు నుంచి, అంటే ఛాతీ నుంచి, కలవని హ కంఠం నుంచి పుడుతుందని అర్థం. ఆ ఖాళీలో తాతగారి గొంతు ‘ఉరస్యం’ అన్నట్టే నా చెవిలో ఉంది. గురువుగారు ‘ఔరస్యం’ అన్నారు. అందరి ముందు అడగలేకపోయాను. ఏది సరైన పాఠం? రెండు రాత్రులుగా దీని మీదే ధ్యాస.

పర్లాకిమిడి మాస్టారు:
అది ఉచ్చారణ చెప్పే గ్రంథం, పాణినీయ శిక్షలోది అమ్మా. ‘ఔరస్యం తం విజానీయాత్’ అనే నేను నేర్చుకున్నాను, అచ్చు పుస్తకాల్లోనూ అదే చూశాను. ఆ ఔకారంలోనే గుండె నిండా గాలి ఉంది. ‘ఉ’ అంటే పాదం తేలిపోతుంది.

రాయగడ:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. అదే శ్లోకంలో చివర ‘కంఠ్యం’ ఉంది కదా. కంఠం నుంచి కంఠ్యం, దంతం నుంచి దంత్యం, ఓష్ఠం నుంచి ఓష్ఠ్యం. శరీరావయవం మీద ‘యత్’ ప్రత్యయం వస్తే ఆదివృద్ధి, అంటే మొదటి ఉ ఔ కావడం లాంటిది, ఉండదు. ఉరస్ నుంచి ఉరస్యమే రావాలి. ‘ఉరసోఽణ్ చ’ అన్న పాణిని సూత్రంతో ఔకారం వస్తుంది గానీ, దానివల్ల పుట్టేవాడు ఔరసుడు, కొడుకు. హకారం ఎవరి కొడుకు?

పాదం తేలిపోతుందన్నది కూడా నిలవదు. ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు, అందులో పట్టింపంతా అయిదు, ఆరు, ఏడు అక్షరాల మీద. ‘విజానీ’ అక్కడ చక్కగా కూర్చుంది. మొదటి అక్షరం గురువైనా లఘువైనా పేచీ లేదు. వాళ్ళ తాతగారు విన్నదే సరైనదని నా గట్టి నమ్మకం.

పర్లాకిమిడి మాస్టారు:
ఉరస్యం మీద స్వార్థంలో, అంటే అర్థం మార్చకుండా, ‘అణ్’ ప్రత్యయం వేసుకుంటే ఔరస్యం సాధ్యమే. పాఠం నిలబెట్టాల్సింది పదిమంది నోట ఏది ఉందో చూసి. సూత్రం తర్వాత దారి చూపిస్తుంది.

రాయగడ:
పాఠాన్ని నిలబెట్టడానికి సూత్రం వెతకడం మొదలుపెడితే ప్రతి తప్పుకీ ఒక సూత్రం దొరుకుతుందండీ.

సిరోంచ:
గోదావరి ఇవతలి గట్టు నుంచి ఒక మాట. మా పిల్లలు చదివేది మరాఠీ మీడియం. వాళ్ళ పుస్తకంలో ‘చిన్హ’ అనే ఉంటుంది, ‘చిహ్న’ అని రాస్తే తప్పు కొడతారు. ప్రహ్లాదుడు అక్కడ ‘ప్రల్హాద’. అంటే హ వెనక్కి జరగడం ఒడియా పెద్దాయన ఒక్కరి అలవాటు కాదు. వరరుచి రాసిన ప్రాకృత వ్యాకరణం ‘ప్రాకృత ప్రకాశం’లో దీనికి సూత్రమే ఉంది: హ్న, హ్ల, హ్మలలో న, ల, మలు ముందుకొస్తాయి. బ్రాహ్మణుడు ‘బమ్హణో’ అయ్యేది అలాగే. పుస్తకాలు పుట్టక ముందే నోళ్ళు ఈ మార్పు చేసేశాయి. మన ‘బమ్మ’ దాని మీద ఇంకో మెట్టు. మకారం ముందుకొచ్చాక హ కూడా అందులో కలిసిపోయింది.

బరంపురం అక్కయ్యా, మీ ఊరి పేరే చూడండి. బ్రహ్మపురంలో హ ఏమైంది?

ఇచ్ఛాపురం:
ఒడియాలో రాసేది ఇప్పటికీ బ్రహ్మపురే. హను మింగేసింది తెలుగువాళ్ళమూ ఇంగ్లీషువాళ్ళూ.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆవిడ చెప్పుకుంటున్నది తైత్తిరీయం. దానికి సొంత ప్రాతిశాఖ్యం, అంటే ఆ శాఖ ఉచ్చారణ నియమాల గ్రంథం, ఉండగా పాణినీయ శిక్షలో ఔ, ఉ అని ఎందుకు కొట్టుకుంటున్నారు? ‘హకారాన్నణమపరాన్నాసిక్యమ్’ అని సూత్రం. హ తర్వాత న, ణ, మ వస్తే నడుమ ‘నాసిక్యం’ అని ఒక ధ్వని పుడుతుంది. అంటే హ పూర్తయ్యేలోపే గాలి ముక్కులోకి మళ్ళుతుంది. పెదాలు ఇంకా మూయలేదు, ముక్కు మాత్రం తెరుచుకుంది. వినేవాడికి అప్పుడే మకారం వచ్చేసినట్టుంటుంది. నా ఉద్దేశంలో ఆ ఒడియా పెద్దాయన గురువులు సరిగ్గానే పలికి ఉంటారు. విన్నవాళ్ళు నాసిక్యాన్ని మకారం అనుకుని ‘మ్హ’ చేశారు. ఇది నోటి తప్పు కాదు, చెవి తప్పు.

దీన్ని 20 ఏళ్ళుగా చెబుతున్నాను. ఘనాపాఠీలు ఇద్దరు నా ముందు పలికి, ఔనని తల ఊపారు.

రాయగడ:
నాసిక్యం బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ అంతస్థల సంగతో? ‘బాహ్యం’, ‘జిహ్వ’, ‘ప్రహ్లాద’లో ముక్కుకు పని లేదు. అయినా జనం ‘జివ్హ’ అంటారు, ‘ప్రల్హాద’ అంటారు. మీ చెవి సిద్ధాంతం సగానికే సరిపోతుంది. శ్లోకం మాత్రం రెంటినీ కలిపి చెప్పింది.

పర్లాకిమిడి మాస్టారు:
చెవి మాట వచ్చింది కాబట్టి మా ఊరి గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోకుండా ఉండలేను. 1880లో ఇక్కడికి టీచరుగా వచ్చారు. ఇక్కడి సవర గిరిజనుల దగ్గర కూర్చుని విని, వాళ్ళ మాటకు వ్యాకరణం రాశారు, 1931లో అచ్చయింది. 1938లో నిఘంటువు వచ్చింది. సవరలో గొంతులో ఠక్కున ఆగే ధ్వని ఉంది, తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. అక్షరం లేదని ఆయన దాన్ని వదల్లేదు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ మాట ఇంట్లో ఎత్తితే మా నాన్నగారి గొంతు మారిపోయేది.

ఎందుకు చెప్పానంటే, నోరు ఏం చేస్తోందో ముందు వినాలి. పంతులుగారు ఈ శిబిరంలో ఉంటే ముగ్గురినీ మూడుసార్లు పలికించి, మూడూ రాసుకునేవారు.

గుణుపురం:
నేను సంస్కృతం అంతగా చదువుకోలేదు. కానీ బమ్మ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. పోతనగారి ఇంటిపేరు బమ్మెర. పాలకుర్తి దగ్గర ఆ ఊరు చూసి వచ్చాను. అది బ్రహ్మ నుంచే వచ్చిందని నాకు ఎప్పటినుంచో అనిపిస్తుంది.

రాయగడ:
అనిపించడం వేరమ్మా. శాసనంలో పాత రూపం కనబడితేనే చెప్పగలం. ధ్వని పోలికతో ఊరి పేర్లు విప్పితే ప్రతి ఊరికీ ఒక దేవుడు దొరుకుతాడు.

సిరోంచ:
అలా కొట్టిపారేయకండి. ‘బొమ్మజెముడు’, ‘బ్రహ్మజెముడు’ రెండూ మన నోళ్ళలో ఉన్నాయి. ఒకే మొక్కకు రెండూ అంటాం. ఊరికి మాత్రం ఎందుకు జరక్కూడదు?

పోతనగారి మాట వచ్చింది కాబట్టి ఒక ఆలోచన. ఆయన ప్రాసల్లో హ్ల, హ్మ ఎలా వాడారో చూస్తే ఆ కాలపు పలుకుబడి తెలుస్తుందేమో.

ఇచ్ఛాపురం:
తెలియదు. ‘ప్రహ్లాద’కు ‘ఆహ్లాద’ ప్రాస వేస్తే రెండు చోట్లా అదే సంయుక్తాక్షరం. ముందు హ పలికినా ల పలికినా ప్రాస నిలుస్తుంది. పద్యం ఇక్కడ సాక్ష్యం చెప్పదు.

బరంపురం సభ్యురాలు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు చదవడానికి ఇంత దొరికిందని చాలా సంతోషంగా ఉంది. పొద్దున ప్రాణాయామం తర్వాత గురువుగారు ఒక్కొక్కరినీ పిలిచి, అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని ముందు ఒట్టి ‘హ’ అనమన్నారు. కదలిక గొంతు దగ్గరే ఆగింది. ‘బ్రహ్’ దాకా వచ్చి ఆగమన్నారు. అప్పుడు చెయ్యి కింద నిజంగా తెలిసింది. తర్వాత పెదాలు మూస్తే మకారం దానంతట అదే వచ్చింది. ఇచ్ఛాపురం వారు చెప్పిన ముక్కు సంగతి రేపు గమనిస్తాను. పెద్దాయన కూడా చేశారు. మూడోసారికి ఆయనకు కళ్ళ నీళ్ళొచ్చాయి. 70 ఏళ్ళు ఒకలా పలికిన మాట కదా.

ఔ, ఉ సంగతి ఇంకా అడగలేదు. తాతగారి నోట్‌బుక్ ఇంట్లో ఉంటే చూడమని తమ్ముడికి చెప్పాను. ఆయన అందులో మంత్రాలే రాసుకున్నారట, ఈ శ్లోకం లేదట. నోటితో చెప్పిందే.

పర్లాకిమిడి మాస్టారు:
ఆయన ఎవరి దగ్గర చదువుకున్నారో కనుక్కోమ్మా. ఆ గురువు పాఠం ఏదో తెలిస్తే సగం తేలుతుంది.

రాయగడ:
ఉరస్యమే అని తేలుతుంది.

గుణుపురం:
ఒక్కటి చెప్పుకోవాలనుంది. మా నాన్న కార్తీకమాసం రాత్రుళ్ళు వంశధార వైపు అరుగు మీద కూర్చుని పోతన భాగవతంలో ప్రహ్లాదుడి కథ ఉన్న సప్తమస్కంధం చదివేవారు. ఆయన నోట ‘ప్రల్లాదుడు’ అనే వచ్చేది, హ ఉండేదే కాదు. ఇవన్నీ చదివాక నిన్న రాత్రి హ పెట్టి, నెమ్మదిగా, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చదివాను. సరిగ్గానే పలికాననుకుంటాను. కానీ ఆ పిల్లవాడు నాకు తెలిసినవాడిలా లేడు. ఇలా మీకెవరికైనా జరిగిందా?